తుంగభద్ర వదిలిపెట్టిన బేబ్లేడ్

పాత ఆటలు, పాత వస్తువులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది కర్నూలు పాతబస్తీలో తుంగభద్రకు దగ్గరి వీధి. నా వయసు 29. నేను మూడో తరగతి చదివే రోజుల్లో టీవీలో బొంగరాల పోటీల కథతో బేబ్లేడ్ కార్టూన్ హిందీలో వచ్చేది. మా వీధిలో ఉర్దూ మాట్లాడే ఇళ్ళు ఎక్కువ కాబట్టి ఆ మాటలు మాకు అర్థం కావడానికి ఎవరి సాయమూ అక్కరలేకపోయింది. అందులో టైసన్ అనే కుర్రాడి చేతిలో ఉండే డ్రాగూన్ బొంగరం కావాలని రెండు నెలలు మారాం చేస్తే, మా నాయన హైదరాబాదు వెళ్ళినప్పుడు తెచ్చిపెట్టాడు. నంద్యాలలో ఉండే మా మేనమామ కొడుకు దగ్గర డ్రాంజర్ ఉండేది. నాకన్నా ఒక ఏడాది పెద్ద కాబట్టి అతణ్ణి నేను బావా అని పిలుస్తాను. ఇప్పుడు అతను బెంగళూరులో ఉంటున్నాడు. వేసవి సెలవుల్లో మేమిద్దరం వాళ్ళ మిద్దె మీద, ఇల్లు కట్టిన మేస్త్రీలు వదిలి వెళ్ళిన ఇనుప తట్టలో వాటిని వదిలి పొద్దు గుంకేదాకా ఆడేవాళ్ళం. పందెం కట్టిన రోజున ఓడినవాడు తన బొమ్మలోంచి ఒక భాగం ఊడదీసి ఇవ్వాలి. అలా 2009 వేసవిలో నా డ్రాగూన్ రింగ్ బావ దగ్గరికీ, అతని డ్రాంజర్ నీలిరంగు రింగ్ నా దగ్గరికీ చేరాయి. దీపావళికి వాళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు మళ్ళీ ఆడి ఎవరిది వాళ్ళు గెలుచుకోవాలని ఒప్పందం చేసుకున్నాం.

ఆ దీపావళికి ముందే, అక్టోబరు 2న వరద వచ్చింది. మా ఇంట్లో నీళ్ళు కిటికీలు దాటి లేచాయి. మేమందరం మిద్దె మీద ఆ రాత్రి గడిపాం. నీళ్ళు తీసిన తర్వాత చూస్తే ఇంటి నిండా బురద. నా పుస్తకాలు, బట్టలు, బొమ్మలు అన్నీ పోయాయనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. నిరుడు మా అవ్వ కాలం చేసింది. ఆమె ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున ఒక పాలపొడి డబ్బా కనబడింది. తెరిచి చూస్తే, ఆమె పాత చీర పీలికల్లో విడివిడిగా మూటగట్టిన నాలుగు బేబ్లేడ్ ముక్కలు, బొమ్మను తిప్పి వదిలే లాంచర్ పట్టీ లేకుండా ఒకటి ఉన్నాయి. బురద ఎత్తిపోసే రోజుల్లో ఏరి దాచి ఉంటుంది. ఆ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు.

అప్పటి నుంచి నాకు ఆ ధ్యాస వదలడం లేదు. రాత్రిపూట ఫోనులో పాత బేబ్లేడ్లు అమ్మేవాళ్ళను వెతుకుతున్నాను. రెండు కొన్నాను కూడా. పెట్టె తెరిచిన రోజు సంతోషంగానే ఉంటుంది కానీ, అల్మారాలో పెట్టిన తర్వాత వాటిని మళ్ళీ ముట్టుకున్నది లేదు. డ్రాగూన్, డ్రాంజర్, డ్రైగర్, డ్రాసియల్ నాలుగింటినీ పూర్తి సెట్టుగా కూడబెట్టాలని ఉంది. నా భార్య వద్దనదు, ఎందుకని మాత్రం అడుగుతుంది. నేను జవాబు చెప్పలేకపోతున్నాను. డబ్బాలో దొరికిన ముక్కలు అసలువేనా? వాటి తుప్పు, బురద మరకలు ఎలా పోగొట్టాలి? పోయిన భాగాలు ఇప్పుడు దొరుకుతాయా? ఈ వయసులో ఇలాంటి సేకరణ మొదలుపెట్టడం సబబేనా? ఫొటోలు జత చేశాను.

ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీరు పంపిన ఫొటోలను పెద్దవి చేసి చాలాసేపు చూశాను. బొమ్మ కన్నా ముందు ఆ చీర పీలికల సంగతి చెప్పాలి. మీ అవ్వ లోహపు బిళ్ళను ప్లాస్టిక్ ముక్కలతో కలపకుండా వేరే పీలికలో కట్టిపెట్టింది. ఆ ఒక్క పని వల్లనే బిళ్ళ మీది తుప్పు నీలిరంగు రింగ్‌కు అంటుకోలేదు. ఫొటోలో ఒక పీలిక మీద మాత్రమే ఎర్రని గుండ్రటి మరక ఉంది, మిగతా మూడూ శుభ్రంగా ఉన్నాయి. ఆమెకు బేబ్లేడ్ అంటే ఏమిటో తెలియకపోవచ్చు కానీ, తడిసిన ఇనుమును దేనితోనూ కలిపి పెట్టకూడదని ఇల్లు నడిపిన మనిషికి తెలుసు. ఆ పీలికలను ఉతకకండి, పారేయకండి.

ఇక బొమ్మ. ఆ కాలపు బేబ్లేడ్‌లో అయిదు భాగాలు ఉండేవి. నడినెత్తిన జంతువు బొమ్మ ఉండే చిన్న బిళ్ళ బిట్ చిప్. ఎదుటిదాన్ని ఢీకొట్టడానికి కోరలు తేలి ఉండే ప్లాస్టిక్ చక్రం అటాక్ రింగ్. దాని కింద బరువు కోసం పెట్టే లోహపు బిళ్ళ వెయిట్ డిస్క్. వీటి నడుమ నుంచి పైకి లేచి లాంచర్ కొక్కేలకు చిక్కేది స్పిన్ గేర్. నేలకు తగిలే మొన ఉన్న పీఠం బ్లేడ్ బేస్. మొన చదునుగా ఉంటే బొమ్మ తట్టంతా తిరుగుతూ ఎదుటిదాని మీదికి వెళుతుంది, సన్నగా ఉంటే ఒకచోట నిలిచి ఎక్కువసేపు తిరుగుతుంది. ఒక బొమ్మ రింగ్‌ను ఇంకో బొమ్మ డిస్క్ మీద పెట్టి, మూడో బొమ్మ పీఠానికి బిగించి ఆడుకోవడానికి వీలుగా తయారుచేయడమే ఈ ఆటలోని గొప్పతనం. మీరూ మీ బావా ముక్కలు పందెం కాసి ఆడగలిగారంటే దానికి కారణం అదే. మీ డబ్బాలో వెయిట్ డిస్క్, స్పిన్ గేర్, బ్లేడ్ బేస్ ఉన్నాయి. ఈ మూడూ మీ డ్రాగూన్‌వి. నీలిరంగు రింగ్ మీ బావది. డ్రాగూన్ రింగ్ అతని దగ్గర ఉండాలి, బిట్ చిప్ వరదలో పోయి ఉంటుంది. ఈ లెక్క గుర్తుంచుకోండి, చివర మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మీరు అడగలేదు కానీ, ఈ బొమ్మ పుట్టుక తెలిస్తే మీ పందేనికి ఎంత వయసుందో తెలుస్తుంది. బేబ్లేడ్‌ను జపాన్‌కు చెందిన తకారా కంపెనీ 1999లో మార్కెట్లోకి తెచ్చింది. అక్కడి పిల్లలు తరతరాలుగా ఆడుతున్న బేగోమా అనే చిన్న బొంగరం దానికి మూలం. బేగోమా పోత ఇనుముతో చేసినది, అరచేతిలో ఇమిడిపోయేంత ఉంటుంది. దానికి తాడు చుట్టి, బాల్చీ మీద బిగించి కట్టిన గుడ్డ మీదికి విసురుతారు. గుడ్డ నడుమ కాస్త లోతుగా ఉంటుంది కాబట్టి బొంగరాలన్నీ మధ్యకు జారి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. చివరిదాకా నిలిచి తిరిగిన బొంగరం గలవాడు గెలిచినట్టు. ఓడినవాడి బొంగరం గెలిచినవాడిదయ్యే పందెమూ అందులో ఉండేది. టోక్యోకు ఆనుకుని ఉన్న కవాగుచి అనే పోత ఇనుము కార్ఖానాల ఊరు ఈ బేగోమాలకు పేరు పడింది. బాల్చీ మీద గుడ్డ ఉన్న చోట తకారా ప్లాస్టిక్ స్టేడియం పెట్టింది, తాడు ఉన్న చోట పళ్ళున్న పట్టీని పెట్టింది. నంద్యాల మిద్దె మీద మీకు ఆ స్టేడియం లేదు, ఇనుప తట్ట ఉంది. మీకు తెలియకుండానే మీరు స్టేడియాన్ని దాటి వెనుకటి బాల్చీకి దగ్గరగా వెళ్ళారు.

కడపలో మా చిన్నప్పుడు మేము కర్ర బొంగరాలు ఆడేవాళ్ళం. గుండ్రం గీసి, ఓడినవాడి బొంగరాన్ని అందులో పెట్టి, తతిమ్మావాళ్ళు తమ బొంగరం మేకుతో దాని మీద పోట్లు వేసేవాళ్ళు. నా బొంగరం మీద అలాంటి పోట్లు పదకొండు ఉండేవి, ప్రతి పోటూ ఎవరు వేసినదో నాకు తెలుసు. మీ ఫొటోలో నీలిరంగు రింగ్ అంచున మూడు చోట్ల ప్లాస్టిక్ లేచి తెల్లబారి ఉంది. దాన్ని చూసినప్పుడు నాకు ఆ బొంగరమే గుర్తుకు వచ్చింది. ఆ గాట్లను ఉప్పుకాగితంతో నున్నగా చేయవద్దు. అవి మీ డ్రాగూన్ తగిలిన చోట్లు.

జపాన్‌లో ఈ కార్టూన్ 2001లో మొదలైంది. 2002లో హాస్‌బ్రో కంపెనీ బొమ్మలను అమెరికాలో అమ్మడం మొదలుపెట్టింది. మన దేశంలో పిల్లలు టీవీ ముందు కూర్చుని బొమ్మను వదిలేటప్పుడు అనే లెట్ ఇట్ రిప్ మాటను అరిచే వేళకు 2005 ప్రాంతమైంది. అప్పటికి జపాన్‌లో ఆ ప్లాస్టిక్ తరం ముగింపుకు వచ్చింది. 2006లో తకారా కంపెనీయే టోమీ కంపెనీతో కలిసిపోయింది. 2008లో మెటల్ ఫైట్ పేరుతో కొత్త తరం వచ్చింది కానీ, దాని భాగాలు పాతవాటికి సరిపోవు. కర్నూలు పిల్లవాడు చేతికి అందుకున్న రోజుకే ఆ బొమ్మ పుట్టినచోట పాతబడిపోయిందన్నమాట. మన ఊళ్ళ దుకాణాలకు అసలు సరుకు తక్కువగా రావడానికీ, ఆ ఖాళీని నకిలీలు నింపడానికీ ఇది పెద్ద కారణమని నా అభిప్రాయం.

మీవి అసలువేనా అన్నదానికి జవాబు: అసలువే అనడానికి తగిన గుర్తులు కనిపిస్తున్నాయి. నేను చూసిన నకిలీల్లో వెయిట్ డిస్క్ పలుచని రేకుగానో, వెండి రంగు పూసిన ప్లాస్టిక్‌గానో ఉండేది. మీది మందమైన లోహం, తుప్పు కూడా అంచుల్లో పైపైనే పట్టింది. లాంచర్ మీద అక్షరాలు అచ్చులోనే పోసి ఉన్నాయి, అతికించినవి కావు. పీఠం అంచు వెంట అచ్చులో మిగిలిపోయే పలుచని ప్లాస్టిక్ పొర లేదు. ఇంకో పరీక్ష మీరే చేయవచ్చు. భాగాలను ఒకదానిలో ఒకటి కూర్చి చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. అసలు బొమ్మలో భాగాలు బిగువుగా కూర్చుంటాయి, నకిలీలో గలగలమంటాయి. ఒకవేళ మీది నకిలీ అని తేలి ఉన్నా, నేను ఇదే జవాబు రాసేవాణ్ణి. మీ నాయన హైదరాబాదు నుంచి తెచ్చిన బొమ్మ అదే, వరద తర్వాత మీ అవ్వ ఏరినదీ అదే.

శుభ్రం చేసే పనిలో తొందర పనికిరాదు. ప్లాస్టిక్ ముక్కలను గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బు కలిపి అరగంట నాననిచ్చి, మెత్తబడిన పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. సందుల్లో గట్టిపడిన వండ్రు ఒక్కసారికి రాదు, రెండు మూడు రోజులు వరుసగా నానబెడితే దానంతటదే వదులుతుంది. పిన్నీసుతో గీరితే గీత పడుతుంది, పళ్ళు కుట్టుకునే పుల్ల వాడండి. పెట్రోలు, పెయింటు థిన్నరు, గోళ్ళ రంగు తుడిచే ద్రవం వంటివి దగ్గరికి రానివ్వవద్దు. అవి ఈ ప్లాస్టిక్‌ను కరిగించి పైపొరను మసకబారుస్తాయి. కడిగిన ముక్కలను మిద్దె మీద ఎండలో పెట్టవద్దు. కర్నూలు ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు, ఆ ఎండకు ప్లాస్టిక్ పసుపెక్కి పెళుసుబారుతుంది. ఫ్యాను గాలికి నీడన ఆరనివ్వండి. వెయిట్ డిస్క్‌ను మాత్రం నీళ్ళలో ముంచవద్దు. పొడి బ్రష్‌తో లేచిన తుప్పును రాల్చి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు గుడ్డ మీద వేసి తుడవండి. మర్నాడు పొడి గుడ్డతో మళ్ళీ తుడిస్తే సరిపోతుంది. నిమ్మకాయ, చింతపండు రుద్దితే రాగి చెంబులా మెరుస్తుందని ఎవరైనా చెబితే వినవద్దు. ఆ పులుపు పైపూతను తినేస్తుంది, తుప్పు మరింత వేగంగా తిరిగి వస్తుంది. తుప్పు పోయినా బిళ్ళ మీద నల్లని మచ్చలు మిగులుతాయి. వాటిని అలాగే ఉండనివ్వండి.

దాచేటప్పుడు అటక మీద పెట్టవద్దు. సిమెంటు మిద్దె కింద వేసవిలో ఉండే వేడి రబ్బరుకూ ప్లాస్టిక్‌కూ మంచిది కాదు. బీరువా అడుగు అర మేలు. మీరు కొత్తగా కొన్న రెండింటిలో రబ్బరు మొన ఉన్నది ఏదైనా ఉంటే దాన్ని ఇతర ప్లాస్టిక్ భాగాలకు ఆనకుండా కాగితంలో చుట్టండి. ఏళ్ళ తరబడి ఆనుకుని ఉంటే రబ్బరు జిగటబారి ప్లాస్టిక్‌కు అంటుకుపోతుంది. నా దగ్గర ఒకటి అలా పాడైంది.

పోయిన భాగాలు దొరుకుతాయి. మొత్తం బొమ్మ కన్నా విడి భాగాలు దొరకడమే సులువు, ఎందుకంటే అందరి ఇళ్ళలోనూ మీ డబ్బాలాగే అరకొరగానే మిగిలాయి. అమ్మేవాళ్ళు మాత్రం రేర్ అనే ఒక్క మాటతో ధర పెంచుతారు. ఆ మాటను పట్టించుకోకండి. బొమ్మను విడదీసి అయిదు భాగాలనూ పక్కపక్కన పెట్టి, డిస్క్‌ను అటూ ఇటూ తిప్పి ఫొటో తీసి పంపమని అడగండి. పంపనివాడి దగ్గర కొనవద్దు. మూడేళ్ళ కిందట ఒక అమ్మకందారు విప్పని పెట్టె అని చెప్పి నాకు ఒక డ్రైగర్ అమ్మాడు. పెట్టె విప్పనిదే, లోపలి డిస్క్ మాత్రం రంగు పూసిన ప్లాస్టిక్. విప్పితే విలువ పోతుందని అతను చెప్పినందువల్ల నేను విప్పి చూపమని అడగలేదు. చేతికి వచ్చాక విప్పి చూసేసరికి అతని ఫోను మూగబోయింది. విప్పని పెట్టెలో ఉన్నదాన్ని ఎవరూ చూడలేరు. దాచిపెట్టడానికి కాక ఆడడానికి కొనేవాళ్ళకు విప్పిన బొమ్మే మంచిది.

లాంచర్ విషయంలో ఒక జాగ్రత్త. డ్రాగూన్ పేరుతో వచ్చినవాటిలో ఎక్కువవి ఎడమవైపు తిరుగుతాయి, మిగతా మూడూ కుడివైపు తిరుగుతాయి. కుడివైపు లాంచర్‌కు ఎడమ తిరుగుడు స్పిన్ గేర్ చిక్కదు. మీ ఫొటోలోని స్పిన్ గేర్ ఎడమదే. లాంచర్ ఉంది, దాని పట్టీ ఒక్కటే కావాలి కాబట్టి, కొనేముందు ఆ పట్టీ ఇదే లాంచర్‌కు సరిపోతుందో లేదో కొలతలతో సహా అడిగి తెలుసుకోండి. ఈ ఎడమ తిరుగుడు వల్లనే డ్రాగూన్‌తో ఆడినవాడికి దెబ్బల తీరు వేరుగా గుర్తుండిపోతుంది. ఒకే వైపు తిరిగే రెండు బొంగరాలు తగిలినప్పుడు, తగిలిన చోట వాటి అంచులు ఎదురెదురుగా పరుగెత్తుతూ ఉంటాయి కాబట్టి దెబ్బ గట్టిగా పడి రెండూ ఎగిరిపడతాయి. వేర్వేరు వైపులకు తిరిగేవి తగిలితే అంచులు ఒకే దిక్కుకు సాగుతూ ఉంటాయి. అప్పుడు పళ్ళ చక్రాలు రెండు కలిసి తిరిగినట్టు ఒకదాని వేగం ఇంకోదానికి అందుతుంది. మీ డ్రాగూన్, బావ డ్రాంజర్ తట్ట అడుగున ఒకదాన్నొకటి రాసుకుంటూ, ఇదిగో పడుతుంది అదిగో పడుతుంది అనిపిస్తూ, చాలాసేపు నిలిచిన సందర్భాలు మీకు గుర్తుండే ఉంటాయి.

ఇక మీ అసలు ప్రశ్న. ఈ వయసులో సబబేనా అని అడిగారు. సబబే. 29 ఏళ్ళ మనిషి తన సంపాదనలో కొంత తన చిన్నప్పటి వస్తువు మీద పెడితే తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ నాలుగు బొమ్మల పూర్తి సెట్టు కొనవద్దని నా సలహా. ఆ నాలుగూ తూర్పుకు డ్రాగన్, దక్షిణానికి ఎర్రని పక్షి, పడమరకు తెల్లని పులి, ఉత్తరానికి తాబేలు అని చైనా, జపాన్‌ల సంప్రదాయంలో నాలుగు దిక్కులను కాచే జంతువులు. మన దిక్పాలకుల వంటివి. ఆ లెక్క తెలిసినవాడికి సెట్టు పూర్తి చేయాలనిపించడం సహజమే. నాకూ అనిపించింది, నేను పూర్తి చేశాను కూడా. నా అల్మారాలో నాలుగూ ఉన్నాయి. చూడడానికి వచ్చినవాళ్ళు బాగున్నాయంటారు. కానీ డ్రైగర్‌తోనూ డ్రాసియల్‌తోనూ నేను ఎవరితోనూ ఆడలేదు, వాటి మీద నాకు తెలిసిన గాటు ఒక్కటీ లేదు. మీరు కొన్న ఆ రెండింటినీ పెట్టె తెరిచిన రోజు తర్వాత మళ్ళీ ముట్టుకోకపోవడానికి కారణం కూడా ఇదేనని నాకు అనిపిస్తుంది. మీ భార్య అడిగిన ప్రశ్నకు జవాబు ఆ రెండింటిలో లేదు, పాలపొడి డబ్బాలో ఉంది. ఆమెకు ఆ పీలికలు చూపించండి. చూపించే ఉంటే, బావకూ మీకూ మధ్య ఆగిపోయిన పందెం సంగతి చెప్పండి.

నేనైతే ఇలా చేస్తాను. మీ డ్రాగూన్‌కు ఒక బిట్ చిప్, లాంచర్‌కు పట్టీ కొంటాను. రింగ్ కొనను. బావ డ్రాంజర్‌కు రింగ్ తప్ప మిగతా భాగాలు అతని దగ్గర ఉన్నాయేమో ముందు అడుగుతాను. లేకపోతే ఆ భాగాలు, కుడివైపు లాంచర్ ఒకటి వెతికి కొని, వాటి పైన మీ దగ్గరున్న నీలిరంగు రింగ్‌నే బిగిస్తాను. అప్పుడు అది బావ డ్రాంజరే అవుతుంది, ఎందుకంటే దెబ్బలు తిన్న భాగం అదే. మీ డ్రాగూన్ రింగ్ అతని దగ్గర ఇంకా ఉంటే సరే. లేకపోతే అప్పుడు మాత్రమే ఇంకొకటి కొనండి. పలకరించడానికి ఏదైనా సందర్భం కావాలని చూడవద్దు, నీ రింగ్ నా దగ్గరే ఉంది బావా అని ఒక ఫొటో పంపండి, చాలు. బెంగళూరు నుంచి కర్నూలుకు ఒక రాత్రి ప్రయాణం. స్టేడియం కొనకండి. కర్నూలులో ఇల్లు కట్టే చోటు ఏ వీధిలోనైనా ఉంటుంది, ఇనుప తట్ట ఒక పూటకు అడిగితే ఇస్తారు. తట్ట అడుగున అంటిన సిమెంటును ముందు గీకేయండి, లేకపోతే మొన అరిగిపోతుంది.

మీరు కొన్న మిగతా రెండు బొమ్మలను అమ్మేయవద్దు. మీకు పిల్లలు ఉన్నారో లేదో రాయలేదు. ఉంటే వాళ్ళకు ఇవ్వండి, పెట్టెలోంచి తీసి ఇవ్వండి.

ప్రశ్న: అమ్మ వాళ్ళ ఇంట్లో మా తమ్ముడి మెటల్ బేబ్లేడ్లు మూడు, లాంచర్ ఒకటి ఉన్నాయి. 2010 తర్వాత కొన్నవి. చిన్నప్పుడు నేను అడిగితే వాడు లాంచర్ నా చేతికి ఇచ్చేవాడు కాదు, నేను చూస్తూ లెక్కపెట్టేదాన్ని, అంతే. ఇప్పుడు మా అబ్బాయికి బేబ్లేడ్ ఎక్స్, దాని స్టేడియం కొన్నాం. తమ్ముడి పాతవాటిని ఆ స్టేడియంలో ఆడించవచ్చా? కొత్త లాంచర్ వాటికి పనికివస్తుందా?

ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: లాంచర్ పనికిరాదమ్మా. పైన రాసిన ప్లాస్టిక్ తరం, 2008లో వచ్చిన మెటల్ తరం, 2015లో వచ్చిన బర్స్ట్, 2023లో వచ్చిన ఎక్స్, ఒక్కో తరానికీ ఒక్కో రకం పట్టు. మీ తమ్ముడివి నడినెత్తిన మరతో బిగించే బొమ్మలు. వాటికి ఆ తరం లాంచరే కావాలి, అది మీ దగ్గర ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. బిగించే మర వదులుగా ఉందేమో ఆడేముందు ప్రతిసారీ చూడండి. ఆ బొమ్మల్లో లోహం ఎక్కువ, దెబ్బకు ఊడి ఎగిరితే కంటికి ప్రమాదం. పిల్లలను తట్ట మీదికి వంగి చూడనివ్వకండి.

స్టేడియం విషయానికి వస్తే, ఎక్స్ స్టేడియం అంచు వెంట పళ్ళున్న పట్టాలాంటిది ఒకటి ఉంటుంది. ఎక్స్ బొమ్మల మొనకు ఉన్న పళ్ళు అందులో చిక్కుకున్నప్పుడు అవి ఒక్కసారిగా వేగం అందుకుంటాయి. పాతవాటికి ఆ పళ్ళు లేవు కాబట్టి వాటికి ఆ వేగం అందదు, పైగా లోహపు చక్రాలు ఆ పట్టాను గీరి పాడుచేస్తాయి. మీ అబ్బాయి కొత్త స్టేడియాన్ని వాడికే వదిలేయండి. పాతవాటికి అడుగు నున్నగా, నడుమ లోతుగా ఉండే పెద్ద ప్లాస్టిక్ బేసిను చాలు, కింద తడిగుడ్డ పరిస్తే జారదు. తమ్ముడు పండుగకు ఊరికి వచ్చినప్పుడు ఆడండి. ఈసారి లాంచర్ మీరు పట్టుకోండి, లెక్క వాడు పెడతాడు.